పళ్లెం విసిరిన పిల్ల

పాతపట్నం దగ్గర ఒక చిన్న ఊరు. పక్కనే ఒడిశా రాష్ట్రం. ఊళ్లోవాళ్లు బజారు పనికి పాతపట్నమూ వెళతారు, పర్లాకిమిడీ వెళతారు.

కోతల కాలం. ఆ తల్లి పొద్దంతా వరి కోసి ఇంటికి వచ్చింది. కాళ్లయినా కడుక్కోలేదు. వీధిలో కేకలు వినబడ్డాయి.

"ఓలమ్మా! నీ గుంట మా వోడి నుదురు పగలగొట్టింది సూడు!"

రైతు భార్య కొడుకుని చెయ్యి పట్టుకుని తెచ్చింది. వాడు ఏడో తరగతి. నుదుటి మీద గుడ్డ కట్టి ఉంది. గుడ్డ మీద నెత్తురు మరక ఉంది.

ఈ తల్లి కూతురు ఐదో తరగతి. పదేళ్ల పిల్ల. గుమ్మం వెనక నక్కి ఉంది.

అత్త ముందుగా నోరు తెరిచింది. "ఆడగుంటకి ఇంత రోసమేటి? రేపు అత్తోరింటికాడ ఎలగ బతుకుతాది?"

తండ్రి కర్ర తీశాడు. అతనికి కోపం కన్నా భయం ఎక్కువ. ఆ రైతు పొలంలోనే వాళ్లిద్దరికీ కూలి. రేపటి నుంచి పనికి పిలవకపోతే ఎలాగ? నలుగురి ఎదుట పిల్లను నాలుగు బాదితే రైతు భార్య చల్లబడుతుందని అనుకున్నాడు.

పక్కింటి చిన్నాన్న మాత్రం నవ్వాడు. "బాగా సేసినావు పిల్లా! ఇంకో రెండు తగిలించాల్సింది" అన్నాడు.

తల్లి కర్ర పట్టుకుని ఆపింది. "ముందు ఏటైందో అడుగుదాం. కొట్టడం ఎప్పుడైనా కొట్టొచ్చు" అంది.

రైతు భార్యకు మంచినీళ్లు ఇచ్చింది. "అమ్మా, బాబుకి దెబ్బ తగిలింది. నాకూ బాధగానే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లండి. కర్చు ఎంతైతే అంత నేనిస్తాను. రేపు బడికాడ మాటాడుకుందాం" అంది. ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు తల్లి కూతుర్ని ఒళ్లో కూచోబెట్టుకుంది. తల నిమిరింది. జడ కుదుళ్ల దగ్గర చర్మం ఎర్రగా కంది ఉంది. చేతి మీద గోళ్ల గీతలున్నాయి. అంతవరకూ ఎవరూ పిల్ల ఒంటి వంక చూడలేదు.

"ఏటైందే?"

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. దసరా సెలవులు అయిన కాడినుంచి ఆ అబ్బాయి రోజూ జడ పట్టుకు లాగుతున్నాడు. మధ్యాహ్నం భోజనంలో గుడ్డు పెడితే, ఆ గుడ్డు తీసేసుకుంటున్నాడు. "మా పొలంలో కూలోళ్ల గుంటవి. నీకు గుడ్డేటి?" అంటున్నాడు. ఇవాళ చేతులు కడిగే చోట జడ పట్టుకుని గోడకు నెట్టాడు. పిల్ల వాణ్ణి బలంగా తోసింది. వాడు వదిలేశాడు. నవ్వుతూ అటు తిరిగి వెళ్లిపోతున్నాడు. అప్పుడు పిల్ల చేతిలో ఉన్న స్టీలు పళ్లెం విసిరింది. వాడు వెనక్కి తిరిగి చూశాడు. పళ్లెం అంచు నుదుటికి తగిలింది.

"ముందే నాకు ఎందుకు సెప్పలేదే?" అంది తల్లి.

"సెప్పినానమ్మా. నువ్వు ఆడి జోలికి ఎల్లకు అన్నావు."

తల్లికి గుర్తొచ్చింది. దీపావళి ముందర ఒకరోజు పొయ్యి ఊదుకుంటూ ఆ మాట అంది. నిజానికి పిల్ల వాడి జోలికి వెళ్లలేదు. వాడే దీని జోలికి వచ్చాడు. తల్లి అది అడగలేదు.

ఆ రాత్రి భార్యాభర్తలకు నిద్ర పట్టలేదు.

"కొడితే దానికి ఏటి తెలుస్తాది?" అంది ఆమె. "పెద్దోళ్లు సిన్నోళ్లని కొట్టొచ్చని తెలుస్తాది. ఆ అబ్బాయి సేసిందీ అదే కదా. ఇంకెప్పుడూ ఇంటికాడ ఏదీ సెప్పదు."

ఆమె మాట నిజం. తిరగబడినందుకు దెబ్బలు తిన్న పిల్ల రెండోసారి నోరు మూసుకుంటుంది. రేపు పెద్దయ్యాక ఎవడైనా చెయ్యి పట్టుకున్నా ఇంట్లో చెప్పదు. అత్త భయపడింది రోషానికి. భయపడాల్సింది ఆ మౌనానికి.

అలాగని చిన్నాన్న మాటా పనికిరాదు. ఇవాళ "శభాష్" అంటే రేపు పిల్ల రాయి పట్టుకుంటుంది. ఆ అబ్బాయి మరో నలుగుర్ని తెచ్చుకుంటాడు. పళ్లెం రెండు వేళ్లు కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది.

తల్లి కూతురు చేసిన పనిని రెండు ముక్కలు చేసి చూసింది. జడ పట్టుకున్నవాణ్ణి తోసింది. అది తనను తాను కాపాడుకోవడం. వాడు వదిలి వెళ్లిపోతుంటే పళ్లెం విసిరింది. అది కాపాడుకోవడం కాదు, కసి తీర్చుకోవడం. చట్టం కూడా ఇలాగే చూస్తుంది. తన ఒంటిని కాపాడుకునే హక్కు అందరికీ ఉంది. కానీ కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. పాత శిక్షాస్మృతిలో ఈ మాట ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది.

పొద్దున్న తల్లి పిల్లకు చెప్పింది. "తోసినందుకు నువ్వేం సెప్పక్కర్లేదు. పళ్లెం ఇసిరినందుకు మాత్రం తప్పయిందని సెప్పాల. ఇంకోసారి ఆడు ముట్టుకుంటే గట్టిగా అరువు. ఇడిపించుకో. మాష్టారి కాడికి పరుగెత్తు. సాయంత్రం నాకు సెప్పు. ఈసారి పొయ్యి కాడ కూడా ఇంటాను."

ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఎప్పుడూ సంతకమే కానీ ఉత్తరం రాయలేదు. ఆ పొద్దున్న కూతురి నోటుపుస్తకంలో కాగితం తీసి కూడబలుక్కుని రాసింది.

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. నా కూతురు మీ బడిలో ఐదో తరగతి. దసరా సెలవుల తర్వాత నుంచి ఏడో తరగతి అబ్బాయి దాని జడ లాగుతున్నాడు. గుడ్డు తీసేసుకుంటున్నాడు. నిన్న చేతులు కడిగే చోట గోడకు నెట్టాడు. నా కూతురు పళ్లెం విసిరింది. అబ్బాయికి దెబ్బ తగిలింది. అది తప్పే. కానీ ఇన్నాళ్లూ జరిగింది కూడా విచారించండి. పిల్లలు తినేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు దగ్గర ఉండాలి. ఇట్లు," కింద సంతకం, తేదీ.

ఇలాంటి ఉత్తరం రెండు కాగితాల మీద రాసుకోవాలి. ఒకటి బడిలో ఇవ్వాలి. రెండో దాని మీద "అందింది" అని సంతకం పెట్టించుకుని ఇంట్లో దాచుకోవాలి. నోటి మాట గాలికి పోతుంది.

ఆమె ఒంటరిగా వెళ్లలేదు. అడిగి చూస్తే మరో ఇద్దరు పిల్లల గుడ్లు కూడా పోతున్నాయి. ఆ తల్లుల్ని తీసుకుని వెళ్లింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది కూడా ఇలా కలిసే. వాళ్లూ అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లే. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

"పిల్లల గొడవలు మామూలే కదమ్మా" అన్నారు ప్రధానోపాధ్యాయులు.

మామూలు గొడవకూ దీనికీ తేడా ఉంది. సమానమైన పిల్లలు ఇద్దరు ఒకరోజు తన్నుకుని మర్నాడు కలిసి ఆడుకుంటారు. అది గొడవ. బలమున్నవాడు బలం లేనివాణ్ణి పదే పదే ఏడిపిస్తే అది వేధింపు. నార్వే దేశంలో 1982 చివర్లో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపే కారణమై ఉంటుందని దేశమంతా కదిలింది. 1983లో అక్కడి ప్రభుత్వం బడుల్లో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. డాన్ ఓల్వేయస్ అనే ఆయన అందులో ముఖ్యుడు. విరామం వేళ పెద్దలు పిల్లల మధ్య ఉండడం, తల్లిదండ్రులతో మాట్లాడడం ఆయన చెప్పిన పద్ధతిలో ఉన్నాయి. మన తల్లి ఉత్తరంలో అడిగిందీ అదే. ఆమె నార్వే పేరు వినలేదు.

ఆ రోజు ఆమెకు ఇంకో మాట తోడుకొచ్చింది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. "కమిటీలో ఈ కాగితం చదవండి మాష్టారూ" అంది. అదే చట్టం పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించడం బడిలో చేయరాదంటుంది. కాబట్టి "ఆ అబ్బాయిని నాలుగు తన్నండి" అని ఆమె అడగలేదు. బడి, కమిటీ ఇద్దరూ పట్టించుకోకపోతే 1098 నంబరు ఉంది. పిల్లల కష్టాలు చెప్పుకునే ఫోను. డబ్బులు పడవు.

ఆరోజు పిల్ల తప్పయిందని చెప్పింది. ఆ అబ్బాయి తల వంచుకున్నాడు, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి భోజనాల దగ్గర ఒక టీచరమ్మ నిలబడుతోంది.

రైతు పది రోజులు వాళ్లను పనికి పిలవలేదు. కుట్ల కర్చు అప్పు తెచ్చి కట్టారు. తండ్రి పర్లాకిమిడి వెళ్లి మట్టి పని చేశాడు. మొదట రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం కూతుర్ని తనే అడిగాడు, "ఇయ్యాల గుడ్డు తిన్నావా?" అని.

ఒకరోజు బోరింగు దగ్గర రైతు భార్య ఎదురైంది. బిందె నిండేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. బిందె ఎత్తుకుంటూ ఆవిడే అంది. "ఆళ్ల నాన్న ఈడ్ని సిన్నప్పటి నుంచీ బెల్టుతో కొడతాడు. ఎవలికి సెప్పుకోను?"

ఈ తల్లి తన బిందె కింద పెట్టింది.

మాట్లాడుకోండి:
రైతు భార్యకు ఈ తల్లి ఏం జవాబు చెప్పి ఉంటుంది?
మీ ఊరి బడి కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది? వాళ్ల పేర్లు రాయండి.