జంటరెక్కల విమానం

సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమానికి చేరువలో, జంషెడ్‌పూర్ నగరపు అంచున సోనారి విమానాశ్రయం ఉన్నది. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు అనేకం ఈ నగరంలోనే స్థిరపడ్డాయి. ఉక్కుకు పేరుపొందిన ఈ ఊరికి భారత విమానయాన చరిత్రతో కూడ ఒక బంధుత్వం కలదు. 1926 ప్రాంతంలో ఇక్కడి కర్మాగారంలో పని నేర్చుకొన్న జె.ఆర్.డి. టాటా, 1929 ఫిబ్రవరిలో బొంబాయిలో వైమానికుని లైసెన్సు పొందారు. మన దేశంలో జారీ అయిన మొదటి లైసెన్సు అదే. ఆయన నేర్చుకొన్నది డి హావిలండ్ సంస్థ నిర్మించిన ‘మాత్’ అనే జంటరెక్కల విమానం మీద.

ఒక రెక్కపై మరొక రెక్క ఎందుకు? ఆనాటి ఇంజనుల శక్తి స్వల్పం. పొట్టివైన రెండు రెక్కలను నిలువు కమ్మీలతో, ఐమూలగా బిగించిన తీగలతో కలిపినచో, తక్కువ బరువుతోనే వంతెన వంటి దృఢమైన కట్టడం ఏర్పడుతుంది. రెక్కల వైశాల్యం హెచ్చుగా ఉండుటచేత నెమ్మదిగా పోతున్నా విమానం గాలిలో నిలుస్తుంది. చిన్న మైదానం నుండి సైతం పైకి లేవగలదు. అయితే ఆ తీగలు, కమ్మీలే గాలిని అడ్డగించి వేగాన్ని హరిస్తాయి. వేగమే ముఖ్యమైన ప్రయాణిక సర్వీసులలో ఒంటిరెక్క విమానం దీనిని వెనుకకు నెట్టుటకు కారణమిదే.

ఇండియా, ఇంగ్లండుల నడుమ ఒంటరిగా ఎగిరే తొలి భారతీయునికి ఆగాఖాన్ 500 పౌనుల బహుమతి ప్రకటించగా, 1930లో టాటా తన జిప్సీ మాత్‌లో కరాచీ నుండి బయలుదేరారు. ఎదురుదిశలో ఇంగ్లండు నుండి వస్తున్న పదిహేడేళ్ళ యాస్పీ ఇంజనీర్, ఈజిప్టులోని అబూకిర్‌లో స్పార్క్ ప్లగ్గు లేక చిక్కుకుపోయి ఉన్నాడు. టాటా తన వద్దనున్న అదనపు ప్లగ్గును అతనికి ఇచ్చారు. కొద్ది గంటల తేడాతో బహుమతి యాస్పీకే దక్కింది. అతడే 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

1931 అక్టోబరులో తొలిసారి ఎగిరిన ‘టైగర్ మాత్’ ఈ కుటుంబంలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దీని పైరెక్కను ముందుకు జరిపి, రెక్కల కొసలను వెనుకకు వాల్చారు. ప్రమాదం సంభవించినప్పుడు ముందు సీటులోనివాడు పారాచూట్‌తో సహా సులువుగా బయటపడవలెనన్నదే ఈ మార్పు ఉద్దేశం. అందానికి చేసినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదులోని బేగంపేట ప్రాథమిక శిక్షణ పాఠశాలలో మన యువకులు దీనిపైనే ఎగరడం నేర్చుకొన్నారు. తరువాత ఆ బాధ్యతను, 1951లో తొలిసారి ఎగిరిన స్వదేశీ హెచ్.టి.-2 విమానం స్వీకరించినది.

యుద్ధానంతరం మిగిలిపోయిన టైగర్ మాత్‌లకు న్యూజీలాండు రైతులు కొత్త పని చూపారు. ముందు సీటు తీసివేసి, ఆ స్థానంలో తొట్టి అమర్చి, కొండవాలు పచ్చికబయళ్ళపై సూపర్ ఫాస్ఫేటు వెదజల్లించారు. సేద్యానికి నిదానమే మేలు కదా! 1947లో సోవియట్ యూనియన్‌లో ఎగిరిన ఆంటొనోవ్ ఆన్-2 సైతం అదే సూత్రం మీద నిర్మితమైనది. వెయ్యి అశ్వశక్తి గల ఒకే ఇంజనుతో పన్నెండుమంది ప్రయాణికులను మోయుట, పురుగుమందు చల్లుట, మంచుపై దిగుట, ఇవన్నీ దానికి అలవాటైన పనులు. ఈ రకం విమానాలు పోలండు, చైనాలలో తయారైనవానితో కలిపి 18 వేలకు పైగా వెలువడ్డాయి.

మన వైమానిక దళం మరమ్మతు చేయించి భద్రపరచిన ఒక టైగర్ మాత్, 2012 వైమానిక దళ దినోత్సవం నాడు హిండన్ గగనతలంలో మరల ఎగిరినది.