పోటీ పరీక్షల ప్రత్యేకం: మహమ్మద్ హబీబ్

ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారమున పాత పుస్తకములు వెదకి, నాంపల్లిలోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ వైపు ఆశతో చూచు అభ్యర్థులు, 1949 జూలై 17న తమ హైదరాబాదు నగరముననే జన్మించిన ఈ మధ్యరంగ క్రీడాకారుని తప్పక యెఱుగవలెను.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టున ఆడి, 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే యెదుట వెఱపెఱుగక మోహన్ బగాన్ పక్షమున న్యూయార్క్ కాస్మోస్‌పై గోలు సాధించి, ఆ పోటీ 2–2తో సమమగుటకు కారకుడైన హబీబు, 1980లో అర్జున పురస్కారము నందెను. తదుపరి టాటా ఫుట్‌బాల్ అకాడమీలో శిక్షకుడై యువకులను తీర్చిదిద్ది, 2023 ఆగస్టు 15న పరమపదించెను.

గమనింపుడు: 1970 జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీనును హైదరాబాదువాడే, శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారమును 1990లో పొందెను.