అత్తయ్య ఆయాసం, మావారి కోపం

మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. మా అత్తయ్యకి 69 ఏళ్లు. సిగరెట్ ముట్టని మనిషికి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు) వచ్చింది. ఊళ్లో ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండటమే కారణమన్నారు డాక్టరు. మా ఉద్యోగాలతో ఆసుపత్రికి తిప్పడం కుదరక, ఇంట్లోనే వీడియోలో చేసే పల్మనరీ రీహాబ్‌లో (ఊపిరితిత్తుల జబ్బువాళ్లకి చేయించే వ్యాయామ చికిత్సలో) చేర్పించాం. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, హాల్లో నడవడం... కాసేపటికే ఆయాసం. మావారు చూడలేక ల్యాప్‌టాప్ మూసేస్తారు. "ఊపిరాడని మనిషిని ఇంకా ఆయాసపెడతావా?" అని నా మీద కోపం. మంచినీళ్లకి కూడా ఆవిణ్ణి లేవనివ్వరు. థెరపిస్టు ఏమడిగినా, మావారు తెలుగులో చెబితే అత్తయ్య "ఏం ఫర్వాలేదు" అంటారు. నేనేం చెయ్యను?
– ఒక కోడలు, చాండ్లర్

జవాబు: ముందు ఆ మంచినీళ్లు ఆవిడనే లేచి తెచ్చుకోనివ్వండి. ఆయాసమని కూర్చోబెడితే తొడల్లో బలం పోతుంది. బలం లేని కాళ్లు నాలుగడుగులకే ఎక్కువ గాలి అడుగుతాయి, ఆయాసం ఇంకా పెరుగుతుంది. రీహాబ్‌తో పాడైన ఊపిరితిత్తులు కొత్తవైపోవు. కాళ్లకి సత్తువ వస్తుంది, ఆయాసమంటే భయం తగ్గుతుంది. మీవారికి ఎవరూ ఇది విడమరిచి చెప్పినట్టు లేదు.

వీడియోలో చేసేది ఉత్తుత్తిదేం కాదు. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్ష 1,904 మంది మీద జరిగిన 15 అధ్యయనాలు చూసి, ఫలితం ఆసుపత్రికి వెళ్లి చేసినవాళ్లతో దాదాపు సమానమేనంది.

కొంత ఆయాసం రావాలి. సున్నా నుంచి పది దాకా కొలిస్తే మూడు, నాలుగు దగ్గర ఉంటే సాధారణంగా సరిపోతుంది. అప్పుడు ముక్కుతో పీల్చి, పెదాలు గుండ్రంగా చుట్టి మెల్లగా వదలాలి. పొయ్యి ఊదినంత గట్టిగా వద్దని చెప్పండి, ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ 88 శాతం కన్నా తగ్గినా, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వచ్చినా ఆపేయాలి. కూర్చున్నాక కూడా ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా 911కి ఫోన్ చెయ్యండి.

ఆ "ఏం ఫర్వాలేదు" సంగతే నాకు నచ్చలేదు. పక్కన కొడుకు దుబాసీగా కూర్చుంటే ఏ తల్లయినా అలాగే అంటుంది. దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నాయని కొడుకు నోటితో చెప్పిస్తుందా? ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. తెలుగు మనిషి కావాలని అడగండి, మొహమాటపడకండి.

మీ ఊళ్లో వేసవి 43 డిగ్రీలు దాటుతుంది, దుమ్ము తుఫాన్లు వేరే. ఆ రోజుల్లో నడక హాల్లోనే, తలుపులు వేసుకుని. ఇన్‌హేలర్ కారులో వదలొద్దు. దగ్గు, జ్వరం వారాల తరబడి వదలకపోతే వ్యాలీ ఫీవర్ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. అక్కడి మట్టిలో ఉండే ఫంగస్‌తో వస్తుందది.

బీమా సంగతి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకి 65 దాటినా, సాధారణంగా వరసగా అయిదేళ్లు అమెరికాలో ఉన్నాకే మెడికేర్ కొనుక్కునే వీలుంటుంది.

వచ్చే సెషన్‌లో మీవారికి కూడా, ఎంత ఆయాసం వరకు మంచిది, ఎక్కడ ఆపాలి అన్నది థెరపిస్టు చేతే చెప్పించండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్ జోలికి రావద్దని నా మాటగా చెప్పండి.