నేల కింద దారి వేసే కొలువులు

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్ పైలాన్‌ను ఆవిష్కరించారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలుగా ఎముకలు వంగిపోయిన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు మంచినీళ్లు అందించాలన్న ఆశ అక్కడ మొదలైంది. ఆ పథకమే తర్వాత మిషన్ భగీరథ అయింది. ఊరూరికీ పైపులైన్లు వేసే ఆ తవ్వకాల్లోనే ప్రభుత్వం మరో పని కూడా కలిపింది. నీటి గొట్టం పక్కన, ఇంటర్నెట్ కేబుల్ పోయేందుకు ఒక సన్నటి డక్టు పరిచారు. తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ నెట్‌వర్క్ టీ-ఫైబర్‌కు పునాది అదే. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన గ్రామాల్లో ఒకప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో భాగమైన నారాయణపేట జిల్లా మద్దూరు కూడా ఉంది.

పక్క రాష్ట్రం వేరే దారి ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుల్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగింది. అలా లాగితే పని తొందరగా అవుతుంది, ఖర్చూ తక్కువే. కాని గాలివానకు, విరిగిపడే కొమ్మలకు ఆ తీగ ఎదురు నిలవాలి. నేలలో వేసే డక్టుకు మొదట ఖర్చు ఎక్కువ, అనుమతులూ ఎక్కువ. ఒకసారి సరిగ్గా పూడ్చితే మాత్రం దశాబ్దాల పాటు పనికొస్తుంది. పాత కేబుల్ తీసి కొత్తది వేయాలన్నా మళ్లీ రోడ్డు తవ్వనక్కర్లేదు.

ఈ పనిలో యువతకు ఉన్న అవకాశాలు చాలామందికి తెలియవు. సాఫ్ట్‌వేర్ కొలువు అనగానే హైదరాబాద్ గుర్తొస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ నడిచే తీగలకు నేలలో దారి వేసేవాళ్లు కావాలన్న సంగతి కౌన్సెలింగ్ హాల్లో ఎవరూ చెప్పరు.

తవ్వే చేతుల నుంచి గీసే చేతులకు

పాలమూరు కూలీ పేరు దేశమంతా తెలుసు. కరువు తరిమితే మేస్త్రీ వెంట గుంపులుగా వెళ్లి, డ్యాములు, కాలువలు, రోడ్ల మట్టిపని చేసిన కుటుంబాలు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో లెక్కలేనన్ని. కేబుల్ కందకాలు తవ్వే ముఠాల్లోనూ ఇలాంటి వలస కూలీలే ఎక్కువ. మట్టి ఎక్కడ గుల్లగా ఉంటుందో, బండ ఎక్కడ తగులుతుందో పలుగు దెబ్బతో చెప్పగలవాళ్లు వీళ్లు. ఆ ఇళ్లలో చదువుకున్న పిల్లలు అదే పనిలో సర్వేయర్లుగా, డిజైనర్లుగా, సైట్ ఇంజినీర్లుగా నిలబడాల్సిన సమయం ఇది.

బండ నేలలో డిజైన్

మన దగ్గర ఎక్కువగా వాడేది పీఎల్‌బీ డక్టు. ఇది గట్టి హెచ్‌డీపీఈ గొట్టం. లోపలి గోడకు శాశ్వతంగా ఉండే నున్నటి పొర ఉంటుంది. బయటి వ్యాసం 40 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 33 మిల్లీమీటర్లు. మామూలు నేలలో దీన్ని 1.65 మీటర్ల లోతున వేయాలన్నది బీఎస్‌ఎన్‌ఎల్, భారత్‌నెట్ పనుల్లో పాటించే ప్రమాణం.

కాగితం మీద ఇది తేలిక. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలలో కాదు. పైన ఎర్ర చల్క, దాని కింద మొరం, ఇంకా కింద గ్రానైటు బండ. రెండు అడుగులు దిగకుండానే పలుగు ఖంగున మోగే చోట్లు ఎన్నో. అప్పుడు డిజైనర్ ముందు కొన్ని దారులే ఉంటాయి. బ్రేకర్‌తో రాయి పగలగొట్టించాలి, లేదా అనుమతి తీసుకుని లోతు తగ్గించి డక్టు చుట్టూ కాంక్రీటు పోయించాలి, ఇనుప గొట్టంలో దూర్చాలి. అదీ కాకుంటే మార్గమే మార్చాలి. ఒక్కోదానికి ఒక్కో రేటు. ఎస్టిమేట్ వేసే ముందే అక్కడక్కడా ట్రయల్ గుంతలు తవ్వించి చూసిన ఇంజినీరుకే అసలు ఖర్చు తెలుస్తుంది. గద్వాల, అలంపూర్ వైపు పోతే నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఆ నేలలో డక్టు జాయింట్లు కదలకుండా చూడటం వేరే విద్య.

ఇక వంపుల లెక్క. గుంజి వేసే కేబుల్‌కు, డక్టుకు మధ్య ఘర్షణ గుణకం 0.25 అనుకుందాం. ఒక్క లంబకోణపు మలుపు దాటేసరికి గుంజే బలం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అలాంటివి రెండుంటే రెండు రెట్లు దాటిపోతుంది. మలుపులు కూడుకుంటూ పోవు, ఒకదాన్నొకటి గుణించుకుంటూ పోతాయి. అందుకే మంచి డిజైనర్ చెట్టు అడ్డొస్తే చటుక్కున వంపు తిప్పడు. దూరం నుంచే వాలుగా మళ్లిస్తాడు, తప్పనిసరి మలుపు దగ్గర కేబుల్‌ను మధ్యలో అందుకునే చాంబర్ పెడతాడు. ఇంటర్ గణితంలో చదివిన ఘాతప్రమేయం పనికొచ్చేది ఇక్కడే.

కందకం పూడ్చాక తెలిసే పనితనం

కందకం అడుగున పదునైన రాళ్లు ఏరేసి, ఇసుకో జల్లించిన మట్టో పరుస్తారు. దాని మీద డక్టు, మళ్లీ మెత్తటి మట్టి, కొంత పైన హెచ్చరిక టేపు. రోడ్డు దాటాల్సిన చోట తారు తవ్వకుండా హెచ్‌డీడీ యంత్రంతో కింద నుంచే అడ్డంగా రంధ్రం వేస్తారు. పూడ్చడం అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. డక్టు లోపలి వ్యాసం కన్నా కాస్త చిన్నదైన షటిల్‌ను ఒక చాంబర్ దగ్గర పెట్టి కంప్రెసర్ గాలితో ఊదుతారు. అది అవతలి చాంబర్‌లో బయటికి వస్తే దారి బాగున్నట్టే. మధ్యలో ఆగిందంటే ఎక్కడో రాయి నొక్కి గొట్టం చదునైంది, లేదా జాయింటు తప్పింది. తర్వాత రెండు చివరలూ బిగించి, గాలి ఒత్తిడి నింపి, ప్రెజర్ గేజ్ ముల్లు పడిపోతుందా లేదా అని కాచుకుని చూస్తారు. ఈ రెండూ పాసైతేనే కేబుల్. దాన్నీ చాలావరకు చేత్తో గుంజరు. యంత్రం ముందుకు తోస్తుంటే, వేగంగా పోయే గాలి తేలుస్తూ తీసుకుపోతుంది.

చివరిది, చాలాచోట్ల నిర్లక్ష్యానికి గురయ్యేది, రికార్డు. డక్టు నిజంగా ఎక్కడ, ఎంత లోతున, రోడ్డు అంచుకు ఎంత దూరాన ఉందో చూపే డ్రాయింగ్ లేకపోతే రేపు వచ్చే జేసీబీకి అది కనిపించదు. ఇలా సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశంలో ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం వస్తోందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. దాన్ని ఆపేందుకే 2023 మార్చి 22న ప్రధాని ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించారు. తవ్వబోయేవాళ్లు ముందే సమాచారం ఇస్తే, అక్కడ నేలలో ఆస్తులున్న సంస్థలకు కబురు వెళ్తుంది. ఆ సంస్థల దగ్గర సరైన మ్యాపు ఉంటేనే యాప్ పనిచేస్తుంది. ఆ మ్యాపు గీసేవాళ్లకు ఇప్పుడు గిరాకీ ఉంది.

ఏ చదువుకు ఏ పని

పదో తరగతి తర్వాత ఐటీఐలో సర్వేయర్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్లు ఈ రంగానికి దగ్గరివి. పాలిసెట్ రాసి డిప్లొమాలో సివిల్ గాని ఈసీఈ గాని తీసుకున్నవాళ్లు సైట్ సూపర్‌వైజర్లుగా మొదలవుతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లతో పాటు, సంస్థానాధీశుల ప్యాలెస్‌లో నడిచే వనపర్తి పాలిటెక్నిక్ కూడా అందుబాటులో ఉంది. డిప్లొమా తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరి, రూట్ డిజైన్, ప్లానింగ్ వైపు వెళ్లవచ్చు.

టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఆప్టికల్ ఫైబర్ టెక్నీషియన్, ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్ కోర్సులు తక్కువ కాలంలో పూర్తవుతాయి. సైట్ పని, సర్వే నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. ఐటీఐ వాళ్లు నాప్స్ కింద, డిప్లొమా, డిగ్రీ వాళ్లు నాట్స్ కింద స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు. వీటితో పాటు ఆటోక్యాడ్, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్, జీపీఎస్ వాడకం, ఎక్సెల్, మెజర్‌మెంట్ బుక్ రాయడం వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో మిగతావారి కన్నా ముందుంటారు.

అనుమతుల పని కూడా ఒక కొలువే. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు, హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారులు ఈ ఉమ్మడి జిల్లాల మీదుగానే పోతాయి. వాటి పక్కన తవ్వాలంటే రహదారి సంస్థ అనుమతి, ఊళ్లలోకి దిగితే ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ అనుమతులు కావాలి. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రైట్ ఆఫ్ వే నిబంధనలను చదివి దరఖాస్తులు నడిపించగల వాళ్లను కాంట్రాక్టు సంస్థలు వెతుక్కుంటాయి.

పైలం, హక్కులు

నిబంధనల ప్రకారం 1.5 మీటర్లు దాటిన కందకం గోడలు కూలకుండా ఊతం కట్టాలి. మామూలు నేలలో డక్టు లోతు 1.65 మీటర్లు. అంటే అక్కడ ప్రమాణం ప్రకారం తవ్వే ప్రతి కందకమూ ఆ హద్దు దాటినట్టే. ఊతం లేకుండా మనిషిని దించే సూపర్‌వైజర్ ఎంత చదివినా ఆ కుర్చీకి తగడు. చట్టం ప్రకారం టెలిఫోన్ లైన్ల పనులు కూడా నిర్మాణ పనులే. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసిన కార్మికులు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. తన సైట్‌లోని కూలీలకు ఆ నమోదు కార్డు ఇప్పించడం యువ ఇంజినీరు బాధ్యత.

ఈ రంగంలో ఎక్కువ ఉద్యోగాలు కాంట్రాక్టువే. ప్రాజెక్టు అయిపోతే ఊరు మారాలి, ఎండలో నిలబడాలి. అయితే 2023 ఆగస్టు 4న కేంద్రం ఆమోదించిన 1.39 లక్షల కోట్ల రూపాయల సవరించిన భారత్‌నెట్‌లో నిర్మాణంతో పాటు పదేళ్ల నిర్వహణ కూడా ఉంది. తెగిన కేబుల్ వెతికి అతికేవాళ్లకు, మార్గం కాపలా కాసేవాళ్లకు సొంత జిల్లాలోనే పని దొరికే వీలు అక్కడ ఎక్కువ. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగే దళారులను మాత్రం నమ్మవద్దు.

పాలిటెక్నిక్, బీటెక్ చివరి ఏడాది విద్యార్థులకు ఒక సూచన. నెట్‌లో దొరికే ప్రాజెక్టు రిపోర్టు కొని అప్పగించే బదులు, మండల కేంద్రం నుంచి సొంత ఊరి దాకా ఒక డక్టు మార్గాన్ని నడిచి సర్వే చేయండి. బండలు, కల్వర్టులు, నీటి పైపులు, మలుపులు గుర్తించి క్యూజీఐఎస్‌లో గీయండి, ఎస్టిమేట్ వేయండి. ఊళ్లో మట్టిపని చేసిన పెద్దలను వెంట తీసుకెళ్లి నేల గురించి అడగండి. ఇంటర్వ్యూలో ఆ మ్యాపు బల్ల మీద పరిచి, ప్రతి గీతకూ కారణం చెప్పండి.