ఆహారపు ఎలర్జీ – ముక్కు చెప్పే సాక్ష్యము

ముంచింగిపుట్టు కొండలలో వలిసె పూలు విరిసే కాలమున ఒకరికి తుమ్ములు పట్టుకొన్నచో, దోషము గాలిదా, తిండిదా అని తేల్చుట ఎట్లు? 1873లో ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ పుప్పొడిని తన ముక్కులోనే ఉంచుకొని పరీక్షించి, హే ఫీవరునకు కారణము అదియేనని వెల్లడించెను. నేటి నాసికా పరీక్షకు మూలము ఇట్టి ప్రయోగమే.

ఈ పరీక్షలో ముందు ఉప్పునీటిని, పిదప అనుమానించిన పదార్థపు సారమును అతిస్వల్పముగా ముక్కులో వేసి, తుమ్ములను, నీరు కారుటను, శ్వాస అడ్డగింపును గమనింతురు. ఉప్పునీటికి కలుగని బాధ సారమునకు కలిగినచో అనుమానము బలపడును. ధూళి, పుప్పొడి విషయమున ఇది ఉపయోగకరము. ఆహారమునకు మాత్రము ఈ సాక్ష్యమొక్కటే చాలదు. తినిన పదార్థము కడుపులో జీర్ణమై మారును గదా! వైద్యుల సమక్షమున, అడ్రినలిన్ సూది సిద్ధముగా ఉంచుకొని, కొద్దికొద్దిగా తినిపించి చూచుటయే తుది పరీక్ష. ఇంటిలో ఎన్నడును చేయరాదు.

తినిన వెంటనే పెదవులు వాచి ఆయాసము వచ్చినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. కాని వట్టి అనుమానముతో పసివాని కంచము నుండి గ్రుడ్డును, వేరుసెనగను శాశ్వతముగా తొలగించుట పేద ఇంట చిన్న నష్టము కాదు. రుజువు లేనిదే నేరము మోపరాదను న్యాయము అన్నమునకును వర్తించునని మేము విద్యార్థులకు మనవి చేయుచున్నాము.