గురువు దూరంగా ఉంటే వలయ నడక ఎలా?

ప్రశ్న: వీడియోలు చూసి బాగువాజాంగ్ (గుండ్రంగా నడుస్తూ చేసే చైనా యుద్ధవిద్య) మొదలుపెట్టాను. మేడ మీద సుద్దతో గుండ్రం గీసుకుని రోజూ తెల్లవారుజామున నడుస్తున్నాను. మా ఊళ్లో నేర్పేవాళ్లెవరూ లేరు. ఏడాదికి ఒకసారి ఏదైనా శిబిరానికి మాత్రం వెళ్లగలను. ఈమధ్య మోకాలి లోపలి వైపు నొప్పి వస్తోంది. మానేయాలా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నొప్పి తగ్గేదాకా గుండ్రం జోలికి వెళ్లకండి. తగ్గకపోయినా, మోకాలు వాచినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మోకాలు ప్రధానంగా మడవడానికి ఉన్న కీలు. తిరగాల్సింది తుంటి. పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒంటిని తిప్పితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. వీడియో చూసి నేర్చుకునేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. తెర మీద చేతులు కనిపించినంత బాగా పాదాలు కనిపించవు మరి.

సంప్రదాయంగా ఎనిమిది అడుగుల్లో ముగిసే వలయం గీస్తారు. మీరు దాన్ని పన్నెండు, పదహారు అడుగులకు పెంచండి. వలయం పెద్దదైతే మలుపు తేలికవుతుంది. మోకాళ్లు మరీ వంచకండి. లోపలి పాదం తిన్నగా పడాలి, బయటి పాదం కాస్త లోపలికి తిరగాలి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూసే దిక్కునే చూడాలి.

దిశ మార్చేటప్పుడు రెండు అడుగులు: మూసే అడుగు (ఖౌ బు), తెరిచే అడుగు (బాయ్ బు). కేంద్రం మీ ఎడమన ఉంటే కుడి పాదాన్ని వేళ్లు కేంద్రం వైపు తిరిగేలా పెట్టండి. బరువంతా దాని మీదికి వచ్చాక ఎడమ పాదాన్ని ఎత్తి, వచ్చిన దిక్కుకు తెరిచి పెట్టండి. తిప్పదలచిన పాదం మీద బరువు ఉండకూడదు.

మొదటి కొన్ని నెలలు చేతులు కిందికి వదిలేసే నడవండి. అటు అయిదు నిమిషాలు, ఇటు అయిదు నిమిషాలు చాలు. తర్వాత ఒక్క భంగిమ, ఒక్క అరచేతి మార్పు (డాన్ హువాన్ జాంగ్). అంతకు మించి సొంతంగా పోగేయవద్దు. వలయం మధ్యలో నేల మీద ఫోను పెట్టి, అడుగులు కనిపించేలా వీడియో తీసుకోండి. శిబిరానికి వెళ్లినప్పుడు కొత్త మార్పులు అడగకుండా ఈ అడుగే దిద్దించుకోండి. నన్నడిగితే మీరు కట్టే ఫీజుకు అదే గిట్టుబాటు.

ప్రశ్న: ఒక వీడియోలో చేతివేళ్లు దగ్గరగా ఉంటున్నాయి, ఇంకోదాంట్లో విప్పారి ఉంటున్నాయి. ఏది అసలైనది?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ అసలైనవే. ఈ విద్యను బీజింగ్‌లో నేర్పిన డాంగ్ హైచువాన్ (మరణం 1882) దగ్గరికి వచ్చినవారు చాలామంది అప్పటికే ఏదో ఒక యుద్ధవిద్య తెలిసినవారు. వారికి వచ్చినదాని మీదే ఆయన కొత్తది కట్టాడు. యిన్ ఫు వంటివారికి లువోహాన్ ముష్టియుద్ధం వచ్చు. కళ్లజోళ్ల వ్యాపారి చెంగ్ టింగ్‌హువాకు కుస్తీ వచ్చు. అందుకే యిన్ శాఖలో వేళ్లు కలిసి ఉంటాయి, చెంగ్ శాఖలో విప్పారుతాయి. అడుగు వేసే తీరూ శాఖను బట్టి మారుతుంది. ఏదో ఒక శాఖను పట్టుకోండి. రెండూ కలిపేస్తే దిద్దే గురువుకే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ప్రశ్న: ఇది వేల ఏళ్ల నాటి తావో రహస్య సాధన అంటున్నారు. మన ప్రదక్షిణ లాంటిదేనా? శ్వాస ఎలా పట్టాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేల ఏళ్ల మాటకు ఆధారం లేదు. 1980లలో దీని పుట్టుక మీద పరిశోధించిన కాంగ్ గెవు, తావో మతంలోని లాంగ్‌మెన్ శాఖవారు మంత్రం జపిస్తూ గుండ్రంగా నడిచే సాధనను డాంగ్ తన యుద్ధవిద్యతో కలిపాడని తేల్చారు. రహస్య దీక్ష పేరుతో డబ్బు అడిగేవారికి దూరంగా ఉండండి.

ప్రదక్షిణలో దైవం ఎప్పుడూ మన కుడివైపే ఉంటుంది. ఇక్కడ రెండు వైపులా సమానంగా నడవాలి.

శ్వాసను పట్టనే వద్దు, దాని మానాన దాన్ని వదిలేయండి. ఊపిరి బిగబట్టడాలు, శక్తిని ఒంట్లో తిప్పుతున్నట్టు ఊహించుకోవడాలు పక్కన గురువు లేకుండా చేయకండి. తల తిరిగితే వెంటనే ఆగి నిలబడండి, మర్నాడు వలయం పెద్దది చేయండి. చెవి సమస్య వల్ల కళ్లు తిరిగే జబ్బు గానీ, అదుపులో లేని బీపీ గానీ ఉన్నవారు ముందు డాక్టరును అడిగాకే సుద్దముక్క పట్టుకోండి.