రైలు కిటికీలోంచి ఇచ్చిన బొంత

సమస్య

తెనాలి నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని రెండుసార్లు, కింద గీత గీసి మరీ చెప్పారు. వయసు 46. వరండాలో మిషను వేసుకుని పదిహేడేళ్లుగా జాకెట్లు కుడుతున్నారు. ఆవిడకు ఇద్దరు స్నేహితురాళ్లు. రేపల్లె ఆవిడ వయసులో పెద్ద, అందుకని అక్క. చేతి ఎంబ్రాయిడరీలో ఆవిడకు ఆవిడే సాటి. బాపట్ల ఆవిడ వదిన. చీర కొంగులకు క్రోషియా కుచ్చులు వేస్తారు. నిజానికి ముగ్గురికీ ఏ చుట్టరికమూ లేదు. పెళ్లైన కొత్తలో తెనాలిలో ఒకే టైలరింగు క్లాసులో, ఒకే బల్ల ముందు నిలబడి, పాత దినపత్రికల మీద జాకెట్టు కొలతలు గీయడం నేర్చుకున్నప్పుడు కలిసిన వరసలివి.

ఏటా సంక్రాంతికి ఎవరి చేత్తో చేసింది వాళ్లు మిగతా ఇద్దరికీ ఇవ్వాలని అప్పుడే అనుకున్నారట. దిండు గలేబులు, సెల్‌ఫోను సంచులు, గుమ్మానికి తోరణాలు, ఒక ఏడాదైతే ముగ్గురికీ ఒకే తాను గుడ్డతో నైటీలు. ఆ నైటీల్లో ముగ్గురూ తీయించుకున్న ఫోటో ఎవరికీ చూపించరట.

కిందటేడు అక్కకు మనవరాలు పుట్టింది. తెనాలి ఆవిడ పెద్ద పనే పెట్టుకున్నారు. మిషను తుడుచుకోవడానికి పనికొస్తాయని అక్కా వదినా ఎప్పుడో వదిలేసి వెళ్లిన పాత నూలు చీరలు ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి. క్లాసు రోజుల్లో వాళ్లు కట్టుకున్న చీరలే అవి. వాటికి తనదొకటి కలిపి, చదరాలుగా కత్తిరించి, పాపకు బొంత కుట్టారు. నాలుగు నెలలు పట్టింది. కూతురి దగ్గర్నుంచి తిరిగొస్తున్న అక్క తెనాలిలో రేపల్లె రైలు మారుతోందని తెలిసి, పరుగున స్టేషనుకు వెళ్లి కిటికీలోంచి అందించారు.

“‘పాపకి’ అన్నాను. ‘ఎందుకే ఇవన్నీ’ అంది. రైలు కదిలింది” అని రాశారు.

మూడు నెలల తర్వాత రేపల్లె వెళ్తే బొంత కనిపించింది, ఇస్త్రీ బల్ల మీద. నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. ఒక చదరం మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ. అక్క కాఫీ ఇస్తూ సంతోషంగానే అన్నారట: “ఆ బొంత భలే మందంగా కుదిరిందే. ఇస్త్రీకి ఎంత హాయిగా ఉందో! మా మేనకోడలి సీమంతం వస్తోంది, ఇంకోటి కుట్టిపెట్టవూ? ఎటూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా.”

ఈవిడ కాఫీ తాగి వచ్చేశారు. ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీసి పదిహేడేళ్ల లెక్క రాయడం మొదలుపెట్టారు. అక్క చీరలకు ఊరికే కుట్టిపెట్టిన ఫాల్స్ ఎన్ని, వదిన కూతురి పరికిణీలకు లోపల వదిలిపెట్టి తర్వాత విప్పి పెంచిన మడతలెన్ని, ఎవరికి ఎన్ని హుక్కులు. పులి మీద పుట్రలా, ఈ సంక్రాంతికి వదిన తన చేత్తో చేసింది కాకుండా కొట్లో కొన్న స్టీలు డబ్బాల సెట్టు ఇచ్చారు. ‘ఇక ఇవ్వడం మానేయాలా? డబ్బులు అడగాలా? అడిగితే స్నేహం ఉంటుందా?’ అన్నది ఆవిడ ప్రశ్న.

సలహా

ముందు ఆ బొంత కొలతలు చూడాలి, ఉత్తరంలో ఆవిడే ఇచ్చారు. పొడవు 54 అంగుళాలు, వెడల్పు 36. ఆరంగుళాల చదరాలు 54. కుట్టుకు నాలుగు వైపులా అరంగుళం వదలాలి కాబట్టి ఒక్కో ముక్క ఏడంగుళాలకు కత్తిరించాలి. చదరాలు కలిపే కుట్టే 46 అడుగులకు పైగా వస్తుంది. ఆ తర్వాత పై గుడ్డ, లోపలి పొరలు, అడుగు గుడ్డ కదలకుండా అంగుళానికో వరస చేత్తో కుట్టారట. అంటే 35 వరసలు, సుమారు 157 అడుగులు. అన్నీ కలిపితే రెండు వందల అడుగుల కుట్టు! జాకెట్లు కుట్టి పొట్టపోసుకునే మనిషి, పని అయ్యాక రాత్రిపూట లైటు కింద కూర్చుని కుట్టిన కుట్టు అది. బాధ కలగడంలో వింతేమీ లేదు.

అయితే ఈ లెక్క అక్కకు తెలుసా? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

తెలుగులో బొంత అన్న మాటకు గౌరవం తక్కువ. అది పాతగుడ్డలది, లేనివారింటిది. పొత్తు కుదరని పార్టీలన్నీ కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలు ‘అతుకుల బొంత’ అని వెక్కిరిస్తాయి. రేపల్లె అక్క చేతికి రైలు కిటికీలోంచి ఒక బొంత వచ్చింది. ఆవిడ దాన్ని మన ఇళ్లలో బొంతలు ఉండే చోటే పెట్టారు. (పొరలు పొరలుగా నూలు గుడ్డ, వేడికి తట్టుకుంటుంది. ఇస్త్రీకి అంతకు మించిన పరుపు లేదన్నది, చెప్పడానికి కష్టంగా ఉన్నా, నిజమే.) అందులో మూడో వరసలో ఉన్నది తన చీరేనని ఆవిడ గుర్తుపట్టలేదు. ఎవరూ చెప్పలేదు మరి.

ఇలాంటి పొరపాటు రాజుల ఇళ్లలోనూ జరిగింది. 1947 నవంబరులో ఎలిజబెత్ యువరాణి పెళ్లికి గాంధీజీ తాను స్వయంగా వడికిన నూలుతో అల్లించిన చిన్న బట్టను కానుకగా పంపారు. నడుమ ‘జైహింద్’ అన్న అక్షరాలున్నాయి. పెళ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి దాన్ని చూసి కొల్లాయిగుడ్డ అనుకుని మొహం చిట్లించుకుందని ప్రసిద్ధి. ఆ బట్ట ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలో భద్రంగా ఉంది. వడికిందెవరో, ఎందుకు వడికారో తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టే అది మిగిలింది.

చేత్తో చేసిన వస్తువు తన సంగతి తాను చెప్పుకోలేదు. ఈ విషయం మన పేరంటాలకు బాగా తెలుసు. నోముల్లో వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చే ఆవిడ ఇస్తున్నానని, పుచ్చుకునే ఆవిడ పుచ్చుకుంటున్నానని, ఒకరికొకరు ఎదురుగా నిలబడి, కొంగు పట్టి, పైకి అనాలి. ఒక్కసారి కూడా కాదు, ముమ్మారు. చిన్నప్పుడు ఈ తంతు చూసి నవ్వుకోని వాళ్లుండరు. ఇవ్వడానికెంత బాధ్యతో పుచ్చుకోవడానికీ తిరిగి ఇవ్వడానికీ అంతే బాధ్యత ఉంటుందని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో ఒక పెద్ద వ్యాసమే రాశాడు. మన అమ్మమ్మలు ఆ సంగతిని శనగలతో, తమలపాకులతో నడిపేశారు.

ఆ తాంబూలంలో పెట్టే జాకెట్టు ముక్క సంగతీ ఒకసారి తలచుకోవాలి. అది మడత విప్పకుండా ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, అక్కడి నుంచి ఇంకో పేరంటానికి వెళ్లి, ఒక్కోసారి తిరిగి మొదటి ఇంటికే చేరుతుంది. ఎవరూ నొచ్చుకోరు. కత్తెర పడని గుడ్డ ఎవరిదైనా కావచ్చు. కత్తెర పడి, ఒక మనిషి కోసమని కుట్టిన గుడ్డ వేరు. జాకెట్టు ముక్క ఇచ్చినంత తేలిగ్గా ఆవిడ ఆ బొంతను కిటికీలోంచి ఇచ్చేశారు. ఆ తొందర ఆవిడదే.

ఇక ‘ఖాళీగానే ఉంటావుగా’ అన్న మాట. దీనికి మాత్రం అక్కను వెనకేసుకురావడం కుదరదు.

ఈ మాటకు ఆంధ్రదేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1844 ప్రాంతంలో నరసాపురంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్లకు క్రోషియా లేసు అల్లడం నేర్పారు. ఊళ్లకు ఊళ్లు నేర్చుకున్నాయి, లేసు విదేశాలకు వెళ్లింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ లేసు అల్లేవాళ్ల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం అచ్చువేసింది. ఆవిడకు కనిపించింది ఇది: రోజుకు గంటల తరబడి అల్లుతున్నా ఆ ఆడవాళ్లను పనివాళ్లని ఎవరూ అనరు, ఇల్లాళ్లంటారు. అల్లికేమో తీరిక వేళ చేసే కాలక్షేపం. అందుకే చేతికొచ్చే కూలీ నామమాత్రం, లాభం వర్తకులది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లే చేతి తీరికకు ధర కట్టే పద్ధతి ఇంకా రావాలి. తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వాళ్ల దగ్గరికెళ్లి ‘ఖాళీగానే ఉన్నావుగా, ఓ విగ్రహం చేసిపెట్టు’ అని ఎవరైనా అంటారా?

పైగా ఈవిడకు ఇంకో అదనపు భారం ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె, బాపట్ల ఒకే జిల్లా. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కానీ రైల్లో రేపల్లె నుంచి బాపట్ల వెళ్లాలంటే తెనాలిలో దిగి మారాల్సిందే. రేపల్లెది కొస లైను, బాపట్లది చెన్నై వెళ్లే పెద్ద లైను. అక్క చీర వదిన కుచ్చులకు, వదిన జాకెట్టు అక్క ఎంబ్రాయిడరీకి వెళ్లేది తెనాలి వరండా మీదుగానే. దారిలో ఉన్నదే కదా అని ఫాల్, పీకో, కాజాలు అక్కడే దించేస్తారు. జంక్షనులో ఇల్లుండడమే ఆవిడ చేసుకున్న పాపం.

కాబట్టి డబ్బులు అడగాలి, మొహమాటం లేకుండా అడగాలి. కానుకకు కాదు, పనికి. సీమంతం బొంత పని. జాకెట్టు పని. ఫాల్ కూడా పనే. వదిన బయటివాళ్ల చీరలకు కుచ్చులు వేస్తే డబ్బు పుచ్చుకుంటారని ఉత్తరంలోనే ఉంది, అందువల్ల ఆవిడకు ఈ మాట కొత్త కాదు. “అక్కా, సీమంతం బొంత కుడతాను. గుడ్డ నువ్వు తెచ్చుకో, కూలీ ఇంత, నెలన్నర పడుతుంది” అంటే చాలు. ఈ మూడు సంగతులూ ఒకే ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఆగితే అవతలివాళ్లు ‘మనలో మనకి ఏమిటే’ అంటారు, అంతటితో ధైర్యం జారిపోతుంది. డబ్బు చేతులు మారడం ఇష్టం లేకపోతే మారకం ఉంది. అక్క ఎంబ్రాయిడరీ చేసిన చీరకు ఈవిడ జాకెట్టు, వదిన కుచ్చులకు ఈవిడ ఫాల్స్. కానీ ఎన్నింటికి ఎన్నో ముందే అనుకోవాలి.

నోటుపుస్తకం మాత్రం మూసేయాలి. పదిహేడేళ్ల హుక్కుల లెక్క ఇప్పుడు తీస్తే అవతల కూడా ఒక పుస్తకం తెరుచుకుంటుంది. ఈవిడ కొంగుల మీద అక్క కుట్టిన మామిడిపిందెల లెక్క అందులో ఉంటుంది. ఉత్తరంలో ఆ ఊసే లేకపోవడం గమనించాల్సిందే.

స్టీలు డబ్బాల విషయం చిన్నది. ధనుర్మాసం నెలంతా సంక్రాంతి చీరలకు కుచ్చులు వేసిన వదినకు వేళ్లు నొప్పి పుట్టి ఉంటాయి. సంక్రాంతి, శ్రావణం, పెళ్లి ముహూర్తాలు కుట్టుపని చేసేవాళ్లకు ఊపిరాడని రోజులు. చేత్తో చేసిన కానుకలకు ఆ పండగే ఎందుకు పెట్టుకున్నారో గాని, ఆషాఢం మొదట్లో పెట్టుకుంటే నయం. ముహూర్తాలుండవు, శ్రావణం జాకెట్ల వరద ఇంకా మొదలుకాదు.

ఒక్కరే నాలుగు నెలలు మగ్గిపోయే పద్ధతి కూడా మానాలి. 1840ల్లో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఆడవాళ్లు ఊరు విడిచి దూరం వెళ్లే స్నేహితురాలికి బొంత ఇచ్చేవారు. తలా ఒక చదరం కుట్టి, దాని మీద సిరాతో సంతకం చేసి, అన్నీ కలిపేవారు. మన ఆడవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది అచ్చంగా చీటీ. నెలనెలా అందరూ కడతారు, ఒక్కరు ఎత్తుకుంటారు, మరుసటి వంతు ఇంకొకరిది. 54 చదరాలను మూడుతో భాగిస్తే తలా పద్దెనిమిది. ఒక ఆషాఢం అక్క ఇంటికి, మరుసటిది వదిన ఇంటికి, ఆపైన తెనాలి. చీటీ డబ్బు ఎగ్గొట్టని మనిషి చదరాలు మాత్రం ఎందుకు ఎగ్గొడుతుంది?

ఇక రేపల్లెలో మచ్చపడి ఉన్న బొంత. దాన్ని వెనక్కి అడగకూడదు, అక్కడే వదిలేయనూ కూడదు. తెనాలి ఆవిడ ఒక మధ్యాహ్నం వెళ్లి, బొంతను నేల మీద పూర్తిగా పరిచి, ఏ చదరం ఎవరిదో వేలు పెట్టి చూపించాలి. ఇది నీ గళ్ల చీర, ఇది వదినది, ఇది నాది అని. మాడిన చదరం విప్పనక్కర్లేదు. కొత్త గుడ్డను ముందురోజే తడిపి ఆరేసి, ఏడంగుళాల ముక్క కత్తిరించుకుని తీసుకెళ్లాలి. తడపకుండా వేస్తే మొదటి ఉతుక్కే అది ముడుచుకుని చుట్టూ ఉన్న పాత గుడ్డను లాగేస్తుంది. అంచులు అరంగుళం లోపలికి మడిచి, మచ్చ మీద పెట్టి, గుండుసూదులు గుచ్చి, అక్క ముందుకు జరపాలి. చుట్టూ హెమ్మింగు చేసి, నడుమ గొలుసు కుట్టుతో పాప పేరు కుట్టడం అక్క చేతికి గంట పని.